ఖాళీ సీటుకు అరిచిన బ్రేకు పని

ఈరోజు మా పాత కారు బ్రేకులు నేనే బాగుచేద్దామని పూనుకున్నాను. పనయ్యాక చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు కూడా తెచ్చాను. బ్రేకు గొట్టాల్లోంచి గాలి పోవాలంటే ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు కింద నట్టు విప్పి బిగించాలి. తొక్కడానికి మా ఆవిడ ఒప్పుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి సలీం, తన కంప్యూటర్‌లో నత్తలా నడిచే కారు ఆటను బాగుచేశాడు. తెర మీద బొమ్మ సైజు కొంచెం తగ్గించాడట, అంతే, ఆట జోరందుకుంది! అది చూడ్డానికి గల్లీ అంతా వాళ్లింట్లోనే. నాకు చెప్పకుండా మా ఆవిడ కూడా వెళ్లింది. కారు కింద నుంచి నేను "తొక్కు, తొక్కు" అని అరిచిందంతా ఖాళీ సీటుకే.

గంట తర్వాత ఆవిడ వచ్చి, "సలీం భాయ్ కారు ఎంత జోరుగ ఉరుకుతాందో!" అంది.

"దానికి బ్రేకులున్నయా?" అన్నాను.

"ఎందుకు లెవ్వు? ఒక్క వేలుతోని ఒత్తితే ఆగుతది. గిట్ల ఒకలు తొక్కుడు, ఒకలు ఒర్రుడు లేదు."

ఆవిడ వచ్చి తొక్కాక, సాయంత్రానికి నా బ్రేకులూ పడ్డాయి. చూస్తే నిమ్మకాయలు మూడే ఉన్నాయి. సలీం కారుకు దిష్టి తగలకుండా నాలుగోది మా ఆవిడే అతని కంప్యూటర్ ముందు పెట్టి వచ్చిందట.

ఆ కారుకు దిష్టి పెట్టేంత కడుపుమంట మా గల్లీలో ఎవరికుందో మీకు వేరే చెప్పాలా?