డ్యూటీ పిలుపులోపు తేలిన యుద్ధం

మా పెద్దబావ మొన్న ఆదివారం కన్నుమూశాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కబురు విని వచ్చిన ప్రతివాడూ మా అక్కను పలకరించి, ఆ వెంటనే వరండాలోని మట్టి సిపాయిల వైపు చూశాడు. నాకైతే ఏడుపు కంటే ముందు ఆయన కేకలే గుర్తొచ్చాయి.

ఆయన గూడ్సు గార్డు. సొంతూరు బొబ్బిలి, మాది విజయనగరం. ఇక పోరు ఎవరెవరికో వేరే చెప్పాలా? బొబ్బిలి కోట యుద్ధాన్ని నేల మీద ఆడాలని ఆయనకు పిచ్చి పట్టింది. బంకమట్టితో సిపాయిలను చేసి తనవాళ్లకు ఆకుపచ్చ, నావాళ్లకు ఎరుపు పూశాడు. అక్క ముగ్గుపిండి కాజేసి కోట గీశాడు.

చిక్కంతా రూళ్లతోనే. తుపాకీ నింపడానికి ఒక రూలు, గుర్రం మలుపు తిరగడానికి ఒకటి, గాలివాటుకు ఇంకొకటి. నా ఫిరంగి కోటదాకా చేరేసరికి, డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ గేటు దగ్గర "గార్డ్ బాబూ, డ్యూటీ!" అని అరిచేవాడు. బావ లేచిపోయేవాడు. ఆయన తిరిగొచ్చేలోగా అక్క వరండా కడిగేసేది. ఒక్క యుద్ధమైనా చివరిదాకా చూడాలని, అదే ఆయన బెంగ.

దాంతో రూళ్లు కొట్టేయడం మొదలుపెట్టాడు. "ఆడీవోడికి రూలు గుర్తు రాలేదంటే తప్పు ఆడిది కాదురా, రూలుది" అనేవాడు. ఇప్పుడు రైలింజన్ల షెడ్డులో కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు నాకు ఆ మాటే ఆసరా. గాలి పోయింది, గుర్రం మలుపు పోయింది. సిపాయిలు ఎదురుపడితే గవ్వలు వేయడం, ఓడిన సిపాయిని తీసేయడం, అంతే మిగిలింది. కాల్‌మేన్ వచ్చేసరికి కోట ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్లదన్నాడు.

ఆ రూలుతో ఆడిన మొదటిరోజు కోటలో ఉన్నది ఆయనే. ఒక సిపాయిని పట్టుకుని వక్క నములుతూ కూర్చున్నాడు. చూపు మాత్రం గేటు మీద!

"ఏటి బావా, ఎత్తు ఎయ్యవేటి? కాల్‌మేన్ కోసం కాసుకున్నావా?"

ఆయన పగలబడి నవ్వాడు. "అచ్ఛా! నా రూలు నన్నే దొంగని చేసీసింది రా!"

మర్నాడు తన గార్డు విజిలు తెచ్చాడు. ఒకసారి ఊదితే ఇద్దరం ఒక్కసారే సిపాయిలను జరపాలి, మళ్లీ ఊదితే చేతులు తీసేయాలి. అబ్బ, ఏం ఆటండీ అది! చేతులు గుద్దుకున్నాయి, గవ్వలు ఎగిరాయి, ఇరుగుపొరుగు వరండా ఎక్కి కేకలేశారు. నా ఎర్ర సిపాయిలు కోటకున్న ఒక్క గుమ్మాన్నీ మూసేశారు. కోట పడింది. కాల్‌మేన్ జాడ లేదు.

బావ గంతులేశాడు. "ఓడిపోనాను రా! ఆట అయిపోనాది! ఒలే, టీ ఎట్టు, టైముంది!" అక్క నవ్వుతూ లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఆయన గూడ్సు మా క్వార్టర్ల వెనక నుంచే వెళ్లింది. బండి చివర గార్డు ఉండే బ్రేకువ్యాను నుంచి సగం బయటికి వంగి నన్ను చూసి అరిచాడు. "ఒరే! నా వోళ్లు బయటికి రానేకపోనారు! కోటకి ఇంకో గుమ్మం ఎట్టాల! వచ్చి గెలుస్తాను సూడు!"

సగం చక్రాల మోతలో పోయింది. "ఏటి? ఏటి బావా?" అంటూ నేను పట్టాల పక్కన పరిగెత్తాను. రెండు గుమ్మాలని రెండు వేళ్లు ఎత్తి చూపిస్తూ, నవ్వుతూ, ఆయన మలుపు దాటిపోయాడు.