తేనెటీగలకు గాలిమార్పు

తేనెటీగలను గాలిమార్పుకు తీసుకెళ్లే మనిషి లోకంలో ఒక్కడే. ఆయన మా ఆర్మూరులో ఉంటాడు. పేరు కాశీరాం, నాకు మామ వరస.

పసుపు పండించే రైతు. మిద్దె మీద ఎనిమిది ఈగల డబ్బాలు. అందరూ తేనె కోసం పెంచితే మామ వాటి మనసు కనిపెట్టడానికి పెంచేవాడు. పొద్దున్నే డబ్బాకు చెవి ఆనించి, పెద్ద డాక్టరులా తలాడించి, “దీనికి మనసు బాగలేదు” అనేవాడు. ఇక సాయంత్రానికి ఆ డబ్బా మాక్లూరుకో మెండోరకో బయలుదేరాల్సిందే.

“పెండ్లయి ముప్పై ఏండ్లాయె, నన్ను బాసర దాక తీస్కపోలే. ఈగలనైతే జిల్లా అంత తిప్పుతుండు” అని అత్త లసుమవ్వ వాడకట్టంతా వినేలా చెప్పేది.

ఈ ప్రయాణాలు నేను లేకుండా జరిగేవి కావు. ఇంటర్ సగంలో చదువు నాలాంటివాణ్ణి పోగొట్టుకున్నాక, ఇంట్లో పడుకుని ఫ్యాను తిరుగుడు చూస్తుంటే మామ వచ్చాడు. “అల్లుడా, నాకు నడుము పట్టింది. చెంబు గూడ ఎత్తొస్తలేదు. డబ్బాలు జర నువ్వే మొయ్యాలె” అన్నాడు. ఆ రోజు నుంచి జిల్లాలో ఈగల రవాణా మొత్తం నా భుజాల మీదే నడిచింది.

మోయడానికీ చదువుంది. పొద్దుగూకి ఈగలన్నీ ఇల్లు చేరాకే ద్వారానికి జాలీ కట్టాలి. జరిపితే మూడడుగులు జరపాలి, లేదా ఐదు కిలోమీటర్లు దాటించాలి. నడిమధ్యలో పెడితే అవి పాత చోటికే పోయి ఇల్లేదని వెతుక్కుంటాయి. డబ్బా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టకపోతే చీమలకు పెళ్లి భోజనమే. ద్వారానికి ఎదురుగా మాత్రం నిలబడకూడదు. “నీ కడప కాడ ఎవడన్న అడ్డం నిలవడితె ఊకుంటవా?” అనేవాడు మామ.

ఒక పాఠం నేను సొంతంగా నేర్చుకున్నాను. మా అన్న గంగాప్రసాద్ దుబాయి నుంచి తెచ్చిన అత్తరు పూసుకుని డబ్బా మూత తీశాను. బండెక్కి ఎనభై మీద పారిపోతుంటే ఈగలు నన్ను దాటిపోయి, పెర్కిట్ చౌరస్తాలో ఆగి నా కోసం ఎదురుచూశాయి. నమ్మనివాళ్లు చౌరస్తాలో అడుగవచ్చు. కుట్టిన ముల్లును వేళ్లతో పట్టి పీకకూడదని, గోటితో పక్కకు గీకాలని పదిహేడో ముల్లుకు బాగా వంటబట్టింది. ఉబ్బిన మొహంతో ఇంటికొస్తే మామ నన్ను చూడనే లేదు, డబ్బా దగ్గరికి పరుగెత్తాడు.

“పాపం, దడుసుకున్నయి. గాలిమార్పు కావాలె.”

అలాంటి మామకు దొంకేశ్వర్ ఊళ్లో నర్సవ్వ తగిలింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టి, ఇక బీడీల చాట ముట్టొద్దని దవాఖానలో చెబితే, ఉన్న అరెకరంలో దోస పెట్టింది. తీగ నిండా పూలే, కాయ మాత్రం లేదు. పిందెలు గోలీలంత కాకముందే పచ్చబడి రాలిపోతున్నాయి. ఈ నెల గడిస్తే మళ్లీ ఒళ్లో బీడీల చాట తప్పదు. సాయం చేద్దామంటే ఆమె ఎవరి దగ్గరా చెంబెడు నీళ్లు ఊరికే తాగదు. పక్క చేను ఆయన ఓసారి ఉచితంగా దున్నిపెడితే, రెండు రోజులు ఆయన చేనులో కలుపు తీసి వచ్చింది.

ఈ కథ చాయ్ హోటల్లో నేనే చెప్పాను, కొంచెం ఉప్పూకారం తగిలించి. మామ విన్నట్టే లేడు. “మూడో డబ్బాకు మనసు బాగలేదు” అంటూ సగం చాయ్ వదిలి లేచాడు.

ఆ సాయంత్రం నర్సవ్వ చేను గట్టు మీద మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“చెల్లే, నా ఈగలు తిండి ముడ్తలేవు. మూడు వారాలు నీ చేన్ల ఉంచుకుంటవా? బాడిగ కింద సీస తేనె ఇస్త.”

“నా మనుమరాలు వర్షితను కుడితె?”

“ద్వారం దిక్కు పోనియ్యకు, పక్కపొంట తిరగమను. దగ్గర్ల పళ్లెంల నీళ్లు పోసి గులకరాళ్లెయ్యి, లేకుంటె తాగవోయి మునుగుతయి. మందు కొట్టుడుంటె మాపటీలి కొట్టు, పొద్దుగాల కొడితె సచ్చిపోతయి.”

నర్సవ్వ ఆయన్ను కిందికీ పైకీ చూసింది. నాతో మెల్లగా, “మనిషి మంచోడే, జర తలకాయ తిరిగినట్టుంది. పెట్టిపోండ్రి” అంది.

మూడు వారాలకు ఓ సాయంత్రం వెళ్లాం. ఆకు ఎత్తితే కాయ, అడుగు వేస్తే కాయ. నేను చూసిన ఒక దోసకాయ తలకింద పెట్టుకునేంత ఉంది. బీడీల కంపెనీ మనిషి తంబాకు మూటతో గట్టు మీద నిలబడి ఉన్నాడు. నర్సవ్వ అతని చేతిలో నాలుగు కాయలు పెట్టి, “మూట వాపస్ తీస్కపో. కూరకు ఇవి పట్టుకపో” అని పంపేసింది.

తర్వాత మామ వైపు తిరిగింది. “చూసినవా కాశన్నా. మన్నుల పడ్డట్టున్న నీ ఈగలు నా చేన్ల ఎట్ల తేరుకున్నయో. మళ్ల మనసు బాగలేకుంటె మొహమాటపడకు, తీస్కరా.”

“నీ పుణ్యం చెల్లే” అన్నాడు మామ, దండం పెట్టి మరీ.

అప్పుడు నా మెదడు, అది మామూలు మెదడు కాదు, గిర్రున తిరిగింది. మాక్లూరులో దేవిదాస్ పుచ్చ తోట, మెండోరలో పొద్దుతిరుగుడు చేను... మా డబ్బాలు దిగిన ప్రతిచోటా ముందు ఉత్త పూలే, తర్వాత నిండు కాపు. అందరూ మామకే మేలు చేశామనుకుంటున్నారు.

“మామా, పువ్వు మీద ఈగ వాలకనే కాయలు రాలుతున్నయని చెప్పొచ్చు గద?”

“చెప్తె నాకు ఎదురు పని చేస్తనని కూసుంటది. ఆమె దగ్గు తగ్గనీ. నువ్వు నోరు మూసుకో.”

అని, నర్సవ్వ బలవంతంగా ఇచ్చిన దోసకాయల బస్తాను, నలభై కిలోలకు తక్కువుండదు, ఒక్క ఊపులో భుజానికెత్తి బండి మీద పెట్టాడు.

నేను నోరు తెరిచి చూశాను. “నీ నడుము పట్టింది గద మామా? రెండేండ్ల సంది?”

మామ చటుక్కున నడుము పట్టుకున్నాడు. “దీనికి గూడ గాలి మారింది అల్లుడా” అని బండి స్టార్ట్ చేశాడు.

ఆ రోజు ఇంట్లో పడుకుని చూసిన ఫ్యాను నాకు గుర్తొచ్చింది. జాలీ కట్టిన డబ్బా ఎత్తి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను.