హెస్టర్ పళ్లు, బొటనవేలంత బూట్లు

“పళ్లు కట్టించుకునేది తిండికా, తోలు కొరకడానికా?” అని విమానంలో మా ఊరొచ్చిన పళ్ల డాక్టరు అడిగాడు.

“తిండిదేముంది బాబూ, చారు తాగి బతకొచ్చు,” అంది హెస్టర్.

డెబ్భై రెండేళ్ల హెస్టర్ మంచుసముద్రం ఒడ్డునున్న మా కివలీనాలో బొమ్మలకు బట్టలు కుడుతుంది. నేల ఉడుత తోలు కోటు, టోపీ చుట్టూ తోడేలు బొచ్చు, కాళ్లకు బొటనవేలంత బూట్లు. సంస్కృతిని కాపాడుతోందని పట్నంవాళ్లు రాస్తారు. ఆవిడ కాపాడుకునేది తన పనితనానికున్న పేరు. బూటు అడుగు సీలు అనే సముద్రజంతువు తోలు. దాని ముందంచును పంటితో కొరికి కుచ్చిళ్లు పెడితేనే పాదం చుట్టూ పైకి లేచి నిలుస్తుంది. రెండేళ్ల కిందట ముందుపళ్లు ఊడాయి. అప్పట్నుంచి ఒక్క బొమ్మా పూర్తికాలేదు. కోట్లు తొడుక్కుని, ఉత్తికాళ్లతో పదకొండు బొమ్మలు కిటికీ గట్టుమీద కూర్చున్నాయి.

ఆడపడుచు వినీ ఊరుకుంటుందా!

“పట్టకారు పట్టుకో వదినా. నేను దాంతోనే లాగించేస్తున్నా.”

“నీ బూట్లు చూశాలేవే. కుక్క కొరికినట్టున్నాయి.”

“పళ్లే ఊడాయి, నాలుక ఊడలేదు!”

కట్టుడు పళ్లు వచ్చాయి. చేప తినడానికి భేషుగ్గా ఉన్నాయి. తోలుమీద మాత్రం సబ్బుబిళ్లలా జారాయి. మర్నాడే హెస్టర్ నానబెట్టిన తోలుముక్క డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికెళ్లింది. తోడుగా వినీ వెళ్లింది. వేడుక చూడ్డానికి అనాలి.

“అంచు మరీ నున్నగా ఉంది. కాస్త ఆకురాయి పట్టు.”

“పెదవి తెగుతుందండీ.”

“పెదవి నాది కదా.”

అతను కాస్త అరగదీశాడు. ఆవిడ కొరికింది. జారింది. మళ్లీ అరగదీశాడు. మళ్లీ జారింది. మూడోసారి పన్ను తోలును పట్టింది. ఇక ఆవిడ కుర్చీ దిగలేదు. బయట ఇద్దరు దవడలు పట్టుకుని కూర్చుని ఉన్నా, తొమ్మిది కుచ్చిళ్లు పూర్తయ్యేదాకా నోరు తెరవలేదు.

వినీ ఆ ముక్కను లాక్కుని వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

“ఒకటి వంకరగా ఉంది.”

“ఏదీ, చూపించు?”

“ఉండు వదినా, వెతుకుతున్నాగా!”

డాక్టరు పకపకా నవ్వాడు. వినీ ఎంత వెతికినా దొరకలేదు.

మంచు కరిగే వేళకు పదకొండు బొమ్మలకూ బూట్లు వచ్చాయి, ఎనిమిది అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో హెస్టర్ ముందు ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిలోకి నూనె కొంది. పళ్ల బిల్లులో ఇంకా తొంభై డాలర్లు కట్టాలి.