ఎమెట్ నోట రాని మాట

మా బావ వెర్నన్ పోటీట్‌కి సైన్యం, వీడియో గేములు, ప్రపంచ వార్తలు తప్ప ఇంక దేనిమీదా అభిప్రాయాలు లేవు. ఇంటికి ఏ రంగు వేయించాలని అడిగితే "మీ అక్కనడుగు" అంటాడు. ఈ మూడింట్లో ఏదన్నా కదిపామా, కాఫీ చల్లారిపోయేదాకా వదలడు. సైనిక శిబిరాన్ని ఆనుకుని ఉన్న మా లాటన్ ఊళ్ళో నా సెలూన్‌కి ఆయన రోజూ వచ్చేది జుట్టు కోసం కాదు. అది ఎప్పుడో రిటైరైంది. నా దగ్గర తల వంచి కూర్చున్న కుర్ర సైనికులు పారిపోలేరు గనక, వాళ్ళకి చెప్పుకోవడానికి వస్తాడు.

ఫిరంగి దళంలో ఇరవై ఏళ్ళకు పైగా చేసి సార్జెంటుగా దిగాడు. ఆ ఇరవై ఏళ్ళ సారం ఆయన మాటల్లో ఇది: "సైన్యమంటే యుద్ధమనుకుంటారు బామ్మర్దీ. కాదు, క్యూ. తిండికి క్యూ, బూట్లకి క్యూ, ఇంజెక్షనుకి క్యూ. పరిగెత్తుకు రమ్మంటారు, వచ్చాక కూచోమంటారు. నా వయసు సగం కూచోడంలోనే పోయింది."

యుద్ధం గేముల మీద ఆయనకి ఇంతకంటే కోపం. "ఈ ఆట తయారుచేసినవాడు జన్మలో ఒక గొయ్యి తవ్వలేదు. వీపున బరువుండదు, కాలికి బొబ్బలుండవు. చచ్చినోడు చిటికెలో లేచొస్తాడు. సరే, అదీ పోనీ. ఎవడూ దేనికోసం ఎదురుచూడడు. అదీ అసలు అబద్ధం." ఇంత తిట్టి, ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం కాగానే హెడ్‌సెట్ తగిలించుకుని అదే ఆటలో కూర్చుంటాడు.

ఇక వార్తలు. టీవీ గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం చూస్తాడు. రిటైరైన సేనాధిపతులు మ్యాపు ముందు నిలబడి చేతులూపుతుంటే, "బాణం గీసేవాడి కాలికి బురదంటదు" అని గొణుక్కుంటాడు. ఆ వసంతంలో ఆ మ్యాపు మీద బాణాలు ఎక్కువయ్యాయి. ఎక్కడో సముద్రంలో ఓడలు కదిలాయట. మా కుర్రాళ్ళని కూడా పంపుతారని టీవీ చెప్పకముందే నా కుర్చీకి తెలిసింది, ఇంకా జుట్టు పెరగని కుర్రాళ్ళు కూడా వరసకట్టి వచ్చి "బాగా పొట్టిగా" అంటున్నారు. ఊరి పక్క మైదానంలో ఫిరంగులు పొద్దస్తమానం పేలుతుంటే మా అక్క డార్లా వంటింట్లో పళ్ళేలు గలగలమనేవి. ఈ ఊళ్ళో అది మాకు కోడికూతతో సమానం. కానీ బావ ఆ వసంతమంతా చప్పుడు చప్పుడుకీ తలెత్తి చూసేవాడు. వీధి చివర చాలాసేపు ఆగి ఉన్న వ్యానుని చూసి పోలీసుల్ని పిలిచాడు. తీరా చూస్తే ప్లంబరు, పాపం బండిలో కూర్చుని రొట్టె తింటున్నాడు. అక్క ఆ సంగతి మరిచిపోలేదు, బావని మరిచిపోనివ్వలేదు.

ఆ వసంతంలోనే ఒక ఆదివారం జరిగింది అర్థం కావాలంటే ఎమెట్ డ్రైలింగ్ గురించి చెప్పాలి. శత్రువు కనబడే గుట్ట మీద నక్కి కూర్చుని, మన గుండు ఎక్కడ పడిందో రేడియోలో చెప్పడం సైన్యంలో అతని ఉద్యోగం. ఆ మాట విని లెక్కకట్టి ఫిరంగులకి అందించే గుడారంలో మా బావ ఉండేవాడు. మొదటి ఎడారి యుద్ధంలో నెలల తరబడి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. "వాడి గొంతు వింటే చాలు, నిద్రపోయాడో లేదో, నీళ్ళు నిండుకున్నాయో లేదో చెప్పేసేవాణ్ణి" అంటాడు బావ. కలిశాక మాత్రం ఇద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడుకోలేకపోయారట, ఎదురెదురుగా ఉంటే సిగ్గేసి.

ఫిరంగి రేడియోలో అనకూడని మాట ఒకటుంది. రిపీట్. మనబోటివాళ్ళకి దానర్థం ఇంకోసారి చెప్పమని. వాళ్ళకి మాత్రం, ఇందాక కొట్టిన చోటే ఇందాకటిలాగే మళ్ళీ కొట్టమని. వినపడక నోరు జారి ఆ మాటన్నావో, గుండ్లు మళ్ళీ అక్కడే పడతాయి, ఈలోపు అక్కడికి మనవాళ్ళే చేరి ఉండొచ్చు. అందుకని వినపడకపోతే "సే అగైన్" అంటారు. ఉద్యోగం పోయినా ఆ నియమం పోదు. ఈ ఊళ్ళో ఫిరంగివాళ్ళ పిల్లలు బళ్ళో టీచరుతో కూడా సే అగైన్ అనే అంటారు. మా అక్క పెళ్ళిలో పాస్టరుగారు అమాయకంగా "నేను చెప్పింది రిపీట్ చెయ్యి నాయనా" అన్నారు. తోడుపెళ్ళికొడుకుగా నిలబడ్డ ఎమెట్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని దభీమని నేలకి కరుచుకున్నాడు. వెనక బెంచీల్లో ఉన్న దళం దళమంతా అదే పని చేసింది. మా అక్క ఏడాదిపాటు ఎమెట్‌తో మాట్లాడలేదు.

ఇప్పుడు ఎమెట్ కాన్సస్‌లో గోధుమ పొలాల మధ్య ఒంటరిగా ఉంటున్నాడు. భార్య పోయింది, తోడుగా ఒక కుక్క. ఆదివారాలు మాత్రం ఎవరింట్లో వాళ్ళుండి ఆన్‌లైన్ ఆటలో కలుస్తారు, బావ, ఎమెట్, ఎల్ పాసో నుంచి రెనాటా సల్సీడో. ఒకప్పుడు వీళ్ళకి గుండ్ల లారీ తోలిన మనిషి ఆవిడ. బావ తన చెవులు ఎప్పుడో ఫిరంగులకి ధారపోశాడు గనక, హెడ్‌సెట్‌తో పాటు స్పీకరు కూడా పెడతాడు. వీధి వీధంతా వినాల్సిందే.

ఆ ఆదివారం నేను అక్క చేసిన వేపుడు మాంసం, తెల్ల గ్రేవీ, బెండకాయ వేపుడు మెక్కి సోఫాలో జారబడి ఉన్నాను. తెర మీద ముగ్గురి బొమ్మలూ ఒక పాడుబడ్డ ఊళ్ళో నడుస్తున్నాయి.

"డ్రైలింగ్, కుడిపక్క గోడ వెనక ఇద్దరున్నారు, చూసుకో" అంది సల్సీడో.

"ఏంటీ" అన్నాడు ఎమెట్. "ఏంటది. రిపీట్... రిపీట్ చెయ్."

సల్సీడో పకపకా నవ్వింది. "విన్నారా సార్జెంట్? ముసలాడు నియమం తప్పాడు. దాక్కోండి, గుండ్లు పడతాయి."

నాకూ నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. ఆయన వీపు నిటారుగా అయింది.

"ఎమెట్" అన్నాడు. "సే అగైన్."

"ఆ తలుపు..." అంది ఎమెట్ గొంతు, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు. "తలుపు అది..." తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత కుక్క మొరుగు. తెర మీద ఎమెట్ బొమ్మ నడివీధిలో తుపాకీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బావ ఫోను తీసి ఎమెట్‌కి చేశాడు. మరుక్షణం స్పీకరులోంచి, అంత దూరాన ఎమెట్ ఇంట్లో ఫోను మోగడం మాకు వినిపించింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"పెరట్లోకి వెళ్ళుంటాడులే" అంది అక్క వంటింటి గుమ్మంలోంచి.

"వాడు ఆ మాట అన్నాడు, డార్లా."

"నోరు జారుండొచ్చుగా."

"వాడి నోరు జారదు. నిద్రలో కూడా జారదు."

"బావా, అక్కడి షెరీఫ్‌కి ఫోన్ చేద్దాం" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. అంత భయం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. "వాడికి ఎడమచెవి వినపడదురా. తలుపు పక్కన తుపాకీ ఉంటుంది, నక్కల కోసం. షెరీఫ్ కింద పనిచేసే పోలీసు, ఎవడో కుర్ర డెప్యూటీ, వచ్చి తలుపు బాదుతాడు. నేననుకున్నది తప్పై, వాడు బాగానే ఉండి, ఎవరా అని తుపాకీతో తలుపు తీశాడనుకో. తుపాకీ చూసి పోలీసులు కాల్చేయడం వార్తల్లో చూళ్ళేదా మనం? పిలిచింది నేనవుతాను."

"మొన్న ఆ ప్లంబర్ని కూడా నువ్విలాగే..." అని అక్క సగంలో ఆగిపోయింది.

"నాకూ అదే భయం" అన్నాడు బావ. "చెడింది నా బుర్రేనేమోనని."

అయినా చేశాడు. అవతల ఒకావిడ ఎంతో మర్యాదగా ఏమిటి అత్యవసరమని అడిగింది. "మా స్నేహితుడు రిపీట్ అన్నాడమ్మా" అన్నాడు. ఆవిడ అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. నేను ఫోను లాక్కున్నాను. ఒంటరి మనిషి, మాట ముద్దగా వచ్చింది, పడిపోయిన చప్పుడైంది, పక్షవాతమేమో అన్నాను. ఆ పదం నా నోట వినగానే బావ కళ్ళు మూసుకున్నాడు. "తలుపు బాదొద్దని చెప్పు" అన్నాడు. "వంటింటి కిటికీ ముందు చేతులు కనపడేలా నిలబడి, వెర్న్ పంపాడని అరవమను. కుడివైపు నుంచి అరవమను." అన్నీ చెప్పాను. మనిషి బయల్దేరాడు, పొలాల్లో ఇల్లు గనక కొంచెం పడుతుంది అందావిడ.

ఇక చేసేదేం లేదనుకున్నాను. బావ మళ్ళీ హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. తన బొమ్మని నడిపించుకుంటూ వెళ్ళి, కదలకుండా నిలబడ్డ ఎమెట్ బొమ్మకి అడ్డంగా నిలబెట్టాడు.

"బావా, ఇప్పుడా ఆట?"

"వాడు లేచొచ్చి చెయ్యి వేస్తే ఈ బొమ్మ కదుల్తుంది. ఈలోపు ఎవడైనా దీన్ని పడగొడితే, వాడు లేచాడో లేదో నాకెలా తెలుస్తుంది?"

"ఎడమపక్క నేను చూస్తా సార్జెంట్" అంది సల్సీడో. ఆవిడ గొంతులో నవ్వు పోయింది.

అలా ఇద్దరూ ఒక బొమ్మకి కాపలా కాశారు. ఎవరెవరో ఎదుటి జట్టువాళ్ళు వచ్చారు, కాల్చారు. సల్సీడో ఒకసారి చచ్చి, లేచి, పరిగెత్తుకుంటూ తిరిగొచ్చింది. ఆటలో ఎవడూ ఎదురుచూడడని చెప్పిన మనిషి, రెప్ప వెయ్యకుండా ఎదురుచూస్తున్నాడు. బయట మైదానంలో ఫిరంగి పేలింది, పళ్ళేలు గలగలమన్నాయి. మొదటిసారి ఆయన తలెత్తలేదు. అక్క తడిచేతులు తుడుచుకోకుండానే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. స్పీకరులో కుక్క మొరుగుతూనే ఉంది. అది ఆగితే ఏమనుకోవాలోనని నాకు కొత్త భయం పట్టుకుంది.

చాలాసేపటికి బండి చప్పుడు వినిపించింది. తర్వాత దూరంగా ఒక మగగొంతు. "డ్రైలింగ్ గారూ. వెర్న్ పంపాడు. విన్నారా? వెర్న్ పంపాడు."

జవాబు లేదు. తలుపు కిర్రుమంది. బూట్ల చప్పుడు. అందరం ఒకే చప్పుడు కోసం, తుపాకీ పేలుతుందేమోనని, చెవులు రిక్కించామని తర్వాత అనుకున్నాం గానీ, అప్పుడు పైకి అనలేదు.

"అయ్యో దేవుడా" అంది ఆ గొంతు, ఈసారి దగ్గరగా. తెర మీద ఎమెట్ బొమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. బావ కుర్చీలోంచి లేచాడు.

"ఇందులో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు డెప్యూటీ మైకులో. బటన్ మీద అతని చెయ్యి పడి కదిలింది ఆ బొమ్మ.

"ఉన్నాను. చెప్పు బాబూ."

"ప్రాణం ఉంది. నేల మీద ఉన్నారు. మూతి ఒక పక్కకి పోయింది. ఎప్పుడు మొదలైందో తెలుసా? మందివ్వాలంటే అది తెలియాలని ఆంబులెన్సువాళ్ళు అడుగుతున్నారు."

బావకి తెలుసు. ఆ మాట అన్న క్షణం ఆయనకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది.

నేనూ బావా కాన్సస్ వెళ్ళేసరికి ఎమెట్ గండం గడిచి, వేరే వార్డులోకి మారాడు. దారి పొడుగునా బావ వార్తలు పెట్టలేదు, ఓడల సంగతి ఎత్తలేదు. ఆయనకి ఏ అభిప్రాయమూ లేని ప్రయాణం అదొక్కటే. గదిలో ఎమెట్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాటలు నేర్పే అమ్మాయి, చదువు నిన్ననే అయినట్టుంది, బొమ్మల కార్డులు పట్టుకుని పక్కన కూర్చుంది.

"కప్పు" అంది. "కప్పు. రిపీట్ చెయ్యండి, డ్రైలింగ్ గారూ."

ఎమెట్ గోడనే చూస్తున్నాడు.

"వచ్చిన రోజు నుంచీ ఇంతే" అంది ఆ అమ్మాయి మాతో, కాస్త గొంతు తగ్గించి. "ప్రయత్నం కూడా చెయ్యరు. ఈ మొదటి రోజుల్లోనే చెయ్యాలి. ఇలా మొండికేస్తే మాట ఇంక రాకపోవచ్చు."

బావ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఆ మాట వాడకండమ్మా."

"ఏ మాట? కప్పా?"

"అది కాదు. ఆ రెండోది."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆయన నోటితో ఆయన అనడు. చివరికి మంగలివాణ్ణి నేనే ఆ మాట అని, ఫిరంగివాళ్ళకి దానర్థమేంటో చెప్పాను. ఆ అమ్మాయి ఎమెట్‌తో సహా మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "సరే అయితే. మరేమనాలి నేను?"

మంచం మీద దుప్పటి కదిలింది. ఎమెట్ తల ఇటు తిప్పాడు. ముఖంలో సగం మాత్రమే పని చేస్తోంది, ఆ సగం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి. "స్స్..." అన్నాడు. ఆగాడు. మళ్ళీ కూడదీసుకున్నాడు. "సే... అగైన్."

కార్డులు ఆ అమ్మాయి ఒళ్ళోంచి జారిపోయాయి. సంతోషంతో ఒక్క ఉదుటున లేచి, "ఏమన్నారు, ఏమన్నారు? ఇంకోసారి రిపీట్ చెయ్యండి" అంది.

బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని దభీమని నేలకి కరుచుకున్నాడు. ఎమెట్ నవ్వాడు. సగం ముఖంతో, చొంగ కారుతుంటే, మంచం ఊగేలా నవ్వాడు. చప్పుడుకి నర్సు పరిగెత్తుకొచ్చింది. బావ ఇంకా లేవలేదు. నుదురు నేలకి ఆనించి, చేతులు నెత్తిమీద నుంచి తియ్యకుండా, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, లేవడానికి కాస్త టైం పడుతుందని నర్సుకి చెప్పాను.