బేస్తవారిపేట దగ్గరి బడిలో అన్నం వరస

హైదరాబాదు శివార్లలో మోటారు పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. పని ఎక్కడ ఆగిపోతోందో, మనుషులు ఎందుకు ఊరికే నిలబడాల్సి వస్తోందో చూసి, ఆ పని చేసేవాళ్ళతోనే కలిసి దాన్ని సరిచేయాలి. దీన్ని లీన్ పద్ధతి అంటారు. బేస్తవారిపేట దగ్గర ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెప్పే నా డిగ్రీ స్నేహితురాలు రహీమా మొన్న వానాకాలంలో ఫోన్ చేసింది. "మధ్యాహ్నం మొదటి పీరియడ్‌కి ఆరో తరగతి సగం ఖాళీనే. ఇంకా అన్నం కాడే ఉంటారు. కొంతమంది వరసలో నిలబడలేక తినకుండానే వచ్చేస్తన్నారు. మీ ఫ్యాక్టరీ చదువేందో మా పిల్లలకి చెప్పరాదా?" తినకుండా అనే మాట విన్నాక ఇక ఆలోచించలేదు. సెలవు పెట్టేశాను.

హైదరాబాదు నుంచి గుంటూరు చేరుకుని, అక్కడ పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా మార్కాపురం రోడ్డులో దిగొచ్చు. వినుకొండ దాటాక నేల రంగు మారుతుంది, దొనకొండ వచ్చేసరికి మెట్ట చేలు, మేకల మందలు తప్ప పెద్దగా ఏమీ కనబడవు. స్టేషన్ నుంచి ఊళ్ళోకి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు తీసుకున్నాడు. "పలకల బేరానికి వచ్చినారా మేడం?" అనడిగాడు డ్రైవరు, మార్కాపురం పలకలకి పేరున్న ఊరు మరి. కాదు, కలిసి పని చేసుకోవడం ఎట్లాగో బడిపిల్లలకి చెప్పడానికి వచ్చానన్నాను. "అయితే ముందర మా స్టాండుకి రాండి. ఎవురి బండి ముందు పోవాలని దినామూ కొట్లాటే!" అని నవ్వాడు. లాడ్జీలు మార్కాపురంలోనే నయం కాబట్టి అక్కడే దిగాను. మర్నాడు ఏడింటి బస్సుకి కంభం, అక్కడ గిద్దలూరు బస్సు మారి బేస్తవారిపేట చేరాను. రహీమా స్కూటీ మీద వచ్చి బడికి తీసుకెళ్ళింది.

తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద ఏమీ రాయలేదు. "ఈ బడిలో మీరు ఊరికే ఎదురుచూసే చోటేది?" అనడిగాను. అందరూ ఒకేసారి "అన్నం కాడ!" అని అరిచారు. దాన్ని సరిచేయడానికి ఒక జట్టు వేశాం. రహీమా కావాలనే సునీతనీ, కొండారెడ్డినీ అందులో పెట్టింది. సునీత వాళ్ళ అమ్మానాన్నలు కూలికి వెళ్తారు. కొండారెడ్డి వాళ్ళది సొంత సేద్యం. మూడేళ్ళుగా ఒకే తరగతిలో ఉన్నా వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం చూడలేదంది రహీమా.

మధ్యాహ్నం జట్టంతా వాచీలు పట్టుకుని వంటశాల ముందు నిలబడింది. నేల మీద గంగాళం ముందు వంగి అన్నం పెడుతున్న వంటమనిషి ఈశ్వరమ్మ ఒక్కసారిగా గరిటె కింద పెట్టేసింది.

"ఏంది ఇది? నన్ను తీసేసేదానికి పట్నం మేడమ్‌ని పిలిపించినారా? అట్లయితే ఇప్పుడే పోతా."

వరస ఆగిపోయింది. హెడ్‌మాస్టరు గారు పరుగున వచ్చారు. "మేడం, ఈమె అలిగి పోతే రేపు పిల్లలకి అన్నం ఉండదు. మీ ప్రోగ్రాం ఇక్కడితో ఆపండి." వాచీ చూస్తే పుట్టే ఈ భయం ఫ్యాక్టరీలో ఎన్నో ముఖాల్లో చూశాను. కానీ అక్కడ ఎవరూ ఇలా పైకి చెప్పలేదు.

నేనేదో చెప్పబోయేలోగా సునీత వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. "పెద్దమ్మా, నిన్ను చూట్టంలా. మేం ఎంతసేపు నిలబడతన్నామో చూసుకుంటన్నాం. నువ్వు కూడా మా జట్టులోకి రా."

"జట్టులోకొస్తే నాకేం వస్తాదమ్మా? వంగి వంగి నడుం పోతాంది. అది తగ్గిస్తారా?"

కొండారెడ్డి వెళ్ళి ఇంకో కుర్రాడితో ఒక పాత బెంచీ మోసుకొచ్చాడు. గంగాళం దాని మీదికెక్కింది. ఈశ్వరమ్మ నిటారుగా నిలబడి, గరిటె తీసుకుంది. హెడ్‌మాస్టరు గారు బెంచీ వైపు చూసి, "సరే, రేపటి సంగతి రేపు చూద్దాం" అని వెళ్ళిపోయారు.

రెండో రోజు పిల్లల పథకం ఘోరంగా దెబ్బతింది. కొండారెడ్డి చెప్పినట్టు రెండు వరసలు పెట్టారు. వడ్డన చకచకా సాగింది కానీ, చేతులు కడిగేవాళ్ళూ కంచాలు కడిగేవాళ్ళూ అందరూ ఒకేసారి కుళాయి మీద పడ్డారు. ఆ తోపులాటలో ఒక ఆరో తరగతి పిల్ల కంచం బోర్లాపడి, అన్నమంతా మట్టిపాలయింది.

"చిన్నోళ్ళని ముందర పంపిద్దామని నేను చెప్పలా?" అంది సునీత.

"అయితే నువ్వే చేసుకో పో," అన్నాడు కొండారెడ్డి.

నేను మధ్యలోకి వెళ్ళబోతే రహీమా నా చేయి పట్టి ఆపింది. ఈశ్వరమ్మ ఆ పిల్లకి మళ్ళీ అన్నం పెట్టింది. పిల్ల వెక్కుతూనే తింటోంది. కొండారెడ్డి ఆ పిల్ల వైపు చూసి, సునీత దగ్గరికి వచ్చాడు. "చిన్నోళ్ళే ముందర. కానీ కుళాయి కాడ ఏం చేద్దాం?" అనడిగాడు. సాయంత్రం బెల్లు కొట్టాక కూడా ఇద్దరూ అక్కడే కూర్చుని, మట్టిలో పుల్లతో గీతలు గీస్తూ వాదించుకున్నారు.

మూడో రోజు ఆరు, ఏడు తరగతులు ముందు వచ్చాయి. పెద్దవాళ్ళు ఆ సమయంలో చేతులు కడుక్కున్నారు. వరండా ఒక వైపు నుంచి వచ్చి, రెండో వైపు నుంచి వెళ్ళాలి. కుళాయి దగ్గర రద్దీ లేకుండా కంచాలు కడగడానికి రెండు టబ్బుల్లో నీళ్ళు పెట్టారు. గుడ్లు ఇచ్చే పని కొండారెడ్డిది, చిన్నవాళ్ళని కూర్చోబెట్టే పని సునీతది. బెల్లు కొట్టేసరికి వరసలో ఒక్కరూ లేరు. ఈశ్వరమ్మ కంచంలో అన్నం పెట్టుకుని పిల్లల మధ్యలో కూర్చుంది. "వేడన్నం తిని ఎన్నాళ్ళయిందో," అంది. హెడ్‌మాస్టరు గారు నన్ను కాకుండా సునీతని పిలిచి, "సైకిల్ స్టాండు సంగతి కూడా చూస్తారా అమ్మా?" అనడిగారు. సునీత కొండారెడ్డి వైపు చూసింది. "చూస్తాం సార్," అన్నాడతను.

తిరుగు రైల్లో కూర్చుని ఆ మూడు రోజులనీ నెమరేసుకున్నాను. ఆ ఇద్దరూ స్నేహితులైపోయారని చెప్పలేను. బడి దాటాక ఎవరి దారి వాళ్ళదేనేమో. కానీ ఆకలితో తరగతికి వచ్చే చిన్నపిల్లల సంగతి తమ చేతిలో పనే అని ఇద్దరికీ తెలిసింది. నేను వెళ్ళిపోయినా ఆ వరస నడుస్తోందని రహీమా చెప్తోంది. టబ్బులు మాత్రం ఇప్పటికి రెండుసార్లు చోటు మార్చారట, నన్నెవరూ అడగకుండానే. అది విన్నప్పుడు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

ఇలాంటి పని మీద ఈ వైపు వచ్చేవాళ్ళకి ఒకటే సలహా. తిరుగు టికెట్ అనుకున్నదానికి ఒక రోజు తర్వాతికి తీసుకోండి. పిల్లల మొదటి ప్రయత్నం చెడిపోవడానికి ఆ రోజు కావాలి.