రోటరు మీద బొట్టు

నలభై ఏళ్ళు కాలిన మోటార్లకి రాగితీగ చుట్టాను. మొగల్తూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటరు మోటారు ఏది కాలినా నా బల్ల మీదికే వచ్చేది. కాలేజీ గడప తొక్కలేదు. మాడిన వాసన చూసి తప్పెక్కడుందో చెప్పేవాణ్ణి.

షాపు మూసేశాక పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, నాకోసం ఒక మోటారు మొదలుపెట్టాను. తిరిగే చక్రానికి, అంటే రోటరుకి, చుట్టూ శాశ్వత అయస్కాంతాలు అంటించాలి. పాత కంప్యూటర్ డిస్కుల్లోంచి ఊడదీసినవి. చూడ్డానికి బొటనవేలి గోరంత, రెండు కలిస్తే మధ్యలో చర్మం నలిగి నల్లబడేది. చెరువు మోటారు పని తక్కువ కరెంటుతో చేయించాలని నా పంతం. ఊళ్ళోవాళ్ళు మాత్రం అసలు కరెంటే లేకుండా తిరుగుతుందటగా, ఫోన్లో చూశాం అనేవారు. అలా తిరిగేది ఈ భూమ్మీద లేదని చెప్పీ చెప్పీ ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే రాజమహేంద్రవరంలో మా ఆవిడకి ఎడమ భుజం కింద పేస్‌మేకరు పెట్టారు. గుండె తడబడితే అందుకునే చిన్న యంత్రం. ఇంటికి పంపేముందు ఒక కుర్ర డాక్టరు అయస్కాంతాలు దగ్గరికి రానివ్వద్దన్నాడు. ఎంత బలానికి ఎంత దూరం అని అడిగాను.

"అవన్నీ మీకెందుకండి తాతగారూ. అర్థం కావులెండి."

అయస్కాంతాలతో బతికినవాడితో అన్న మాట అది. ఆ కోపంలో దూరం నేనే లెక్కగట్టుకున్నాను. షెడ్డు గుమ్మంలో సుద్దతో గీత గీసి, దాటొద్దన్నాను. ఆవిడ దాటలేదు. మజ్జిగ గ్లాసు గీత మీద పెట్టి వెళ్ళిపోయేది.

ఒక్కటి మరిచాను. నేను చుట్టిన ఏ మోటారుకైనా స్విచ్ వేసేముందు పసుపు రాసి బొట్టు పెట్టేది ఆవిడే. పెళ్ళయిన నాటినుంచీ అంతే.

రోటరు బిగించిన రోజు పొద్దున్న బల్ల కింద దూరి వైర్లు కలుపుతున్నాను. ఆవిడ పాదాలు కనిపించాయి. చూపు ఆనదు కాబట్టి బాగా వంగి, రోటరు మీదికి ఒరిగి బొట్టు పెడుతోందని తర్వాత తెలిసింది.

"ఏవండీ, స్విచ్ వేసేశారా?"

"ఇంకా లేదు. ఏంటి?"

"నాలో తిరుగుతోంది."

బయటికొచ్చి మణికట్టు పట్టుకున్నాను. రోటరు కదలకుండా ఉంది. నా వేళ్ళ కింద నాడి మాత్రం కొడుతోంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ వెంట్రుకవాసి తేడా లేకుండా. మనిషి నాడి అలా ఉండదు. యంత్రం నడుపుతున్నదేదో, తనంతట తాను నడిచేదేదో నా చేతికి తెలుసు. మా ఆవిడ నా ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది, ఆ చేతిలో కొడుతున్నది మాత్రం ఆవిడది కాదు.

వరండాలోకి నడిపించాను. పది అడుగుల్లో నాడి మళ్ళీ తడబడింది, ఆగింది, అందుకుంది. అప్పుడు గాని నాకు ఊపిరి రాలేదు.

మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. యంత్రం బాగానే ఉందన్నారు. అయస్కాంతం ఆనినంతసేపూ అది గుండె మాట వినడం మానేసి తన వేగాన తను కొడుతుందట. గుండె కూడా కొట్టుకుంటుంటే రెండూ ఢీకొని ప్రాణం మీదికి రావచ్చట. ఈ నాలుగు ముక్కలూ మొదటిరోజే చెబితే నాకు అర్థమయ్యేవి కావా? ఆ కోపం ఇప్పటికీ ఉంది. గీత నమ్ముకున్నందుకు నామీద ఉన్న కోపం అంతకంటే పెద్దది.

షెడ్డుకి తాళం వేశాను. మోటారు మాత్రం విప్పలేదు. విప్పబుద్ధి కాలేదు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వంటింట్లో మేకుకి తగిలించిన తాళంచెవి లేదు. వెళ్ళి చూస్తే షెడ్డు తలుపు తీసి ఉంది. ఆవిడ బల్ల మీదికి వంగి, రోటరుకి గుండె ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందంటే, ఊపిరి ఆడుతోందా అని వంగి చూశాను.

"ఇక్కడైతే సమంగా ఉంటోందండి" అంది కళ్ళు తెరవకుండానే. "కాసేపుండనివ్వండి."

చెయ్యి పట్టి లాక్కొచ్చేశాను. ఆ సాయంత్రమే అయస్కాంతాలన్నీ రోటరు నుంచి ఊడగొట్టి, ఊకపొయ్యిలో ఎర్రగా కాల్చాను. అలా కాలిస్తే వాటి బలం చచ్చిపోతుంది. చల్లారాక ఒక్కొక్కదాని దగ్గరా మేకు పెట్టి చూశాను. ప్రతిసారీ మేకు కింద పడింది.

ఆవిడ వరండాలో కూర్చుని ఆ చప్పుడు వింటోంది. చివరిది పడ్డాక వచ్చి పక్కన కూర్చుని, అడక్కుండానే చెయ్యి నా ఒళ్ళో పెట్టింది. నాడి చూశాను. ఒకటి కొట్టింది. రెండోది ఆలస్యంగా వచ్చింది, తనంతట తానే.