మూడు డిస్కుల్లో అక్క వాళ్లమ్మ గొంతు

ఆ మధ్యాహ్నం కడపలో మా ఇంటి వెనక గదిలో ఉన్నవి: బెంగళూరులో ఏదో ఆఫీసు వదిలించుకుంటే నేను కొన్న పాత సర్వరు, అందులో మూడు డిస్కులు, ఒక మానిటరు, రెండు మెకానికల్ కీబోర్డులు, ఒక టేబుల్ ఫ్యాను. మనుషులు ఇద్దరు. నేను, పక్కింట్లో బట్టలు కుట్టే అక్క. అక్క చేతిలో కొత్త ఫోను.

ఆ ఫోనులోకి ఎక్కించాల్సింది వాళ్లమ్మ గొంతు. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయినప్పుడు, ఉత్తరాలు రాయడం రాక, క్యాసెట్లలో మాట్లాడి పంపేది. జాకెట్టుకు చంక ఎట్లా కత్తిరించాలో కూడా ఒకదాంట్లో చెప్పింది. ఆమె అక్కడే చనిపోయింది. నిరుడు ఎండాకాలం ఆ క్యాసెట్లన్నీ నేనే సర్వరులోకి ఎక్కించాను. టేపులకు బూజు పట్టింది. "ఇంక ఇవెందుకక్కా? మూడు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి చెడిపోయినా ఏమీ పోదు" అన్నాను. అక్క నా మాట నమ్మి పాత సామాన్లవాడికి వేసేసింది. ఇంకో చోట ఇంకో కాపీ పెట్టాలని నాకు తెలుసు. చేయాల్సిన పనుల జాబితాలో అది ఏడోది.

ఆ రోజు కరెంటు పోయి వచ్చింది. సర్వరు మళ్లీ లేస్తూ మధ్యలో ఆగింది. ఒక డిస్కు కనిపించడం లేదు, ఏం చేయమంటావని తెర మీద అడిగింది. రంగు లైట్ల కొత్త కీబోర్డు నొక్కాను. లైట్లు వెలిగాయి, అంతే. ఆపరేటింగ్ సిస్టమ్ రాకముందు ఆ పాత సర్వరు దాన్ని గుర్తుపట్టదు. గుండ్రటి పిన్ను ఉన్న పాత కీబోర్డు తగిలించాను.

"ఏమప్పా, నా మిషన్ కంటే శానా మోత చేస్తాండాదే ఇది," అంది అక్క. "దీంతో జాకెట్లు గూడా కుడతావా ఏంది?"

"నీ మిషన్‌కు ఇన్ని మీటలు యాడున్నాయక్కా?"

"నాకు ఒక్క పెడలు చాలప్పా."

ఆ కీబోర్డుకు ఒక జబ్బు ఉంది. మా ఇంటి వెనక బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఆ దుమ్ము స్విచ్చుల్లోకి పోయి, వై కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. చిన్న ప్రోగ్రాము రాసి ఆ రెండో దెబ్బను ఆపేశాను. రెండేళ్లుగా జబ్బు కనబడలేదు. కానీ ఆ ప్రోగ్రాము పనిచేసేది ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చాకే.

మొదటి ప్రశ్న: కనిపించని డిస్కును జాబితా నుంచి తీసేయాలా? అవునని వై నొక్కాను. రెండో ప్రశ్న చదివే లోపే దానికీ వై పడిపోయింది. మిగతా డిస్కులు కూడా తుడిచి కొత్తగా మొదలుపెట్టాలా అన్నది ఆ ప్రశ్న.

తెర మీద శాతం మొదలైంది. ఒకటి. రెండు. డిస్కులు చిన్నవి, ఇరవై నిమిషాల పని. ఎస్కేప్ నొక్కాను, తర్వాత అన్ని కీలూ నొక్కాను. కింద ఒక వాక్యం ఉంది: పని పూర్తయ్యేదాకా కరెంటు ఆపవద్దు.

"ఏం జరుగుతాండాదప్పా?"

చెప్పాను.

"ఆపు మరి."

"మధ్యలో ఆపొద్దని రాసుందక్కా, ఆపితే డిస్కులు మొత్తం పాడైపోతాయి."

"పోతాండేది మా అమ్మ గదప్పా! దారం చిక్కు పడితే నేను ముందు కాలు తీస్తా. నువ్వేమి, చూస్తా నిలబడినావు?"

నేను చదివిన ప్రతి మాన్యువల్‌లోనూ ఆ వాక్యం ఉంది, ఎప్పుడూ దాన్ని మీరలేదు. అంకె ముప్పై దాటింది, యాభై దాటింది. ప్లగ్గు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. ఎనభై ఆరు దగ్గర అక్క వంగి దాన్ని పీకేసింది.

"ఎంత మిగిలింటాది?"

"తెలీదక్కా."

తొమ్మిది రోజులు రకరకాల రికవరీ ప్రోగ్రాములు నడిపాను. రోజూ సాయంత్రం అక్క గోడ అవతల నుంచి అడిగేది, "ఏమన్నా ఉండాదా?" అని. ముక్కలు దొరికాయి. చాలావాటిలో గరగర తప్ప ఏమీ లేదు. మనిషి గొంతు అని చెప్పగలిగినవి వేరు చేసి, వరుసగా కలిపాను.

మొత్తం నిడివి నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.